ఎగిరే కన్ను, నవగుంజరం

1968 ఫిబ్రవరిలో అమెరికన్ రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కచేరీలకు రిక్ గ్రిఫిన్ వేసిన పోస్టర్ మీరింకా చూడలేదంటే ముందు ఫోన్లో వెతికి చూసి రండి, ఇది తర్వాత చదువుదురుగాని. పెద్ద కనుగుడ్డు, దానికి రెక్కలు, వెనక పాములా మెలికలు తిరిగిన తోక, ముందుకు చాచిన గోళ్ల పంజా, ఆ పంజాలో పుర్రె. శాన్ ఫ్రాన్సిస్కోలో ఫిల్మోర్, వింటర్‌లాండ్ అనే రెండు హాళ్లలో జరిగిన కచేరీలవి. జాన్ మేయాల్, ఆల్బర్ట్ కింగ్ కూడా అందులో ఉన్నారు. కానీ పోస్టర్ మీద వాళ్లెవరి మొహమూ లేదు, గిటారూ లేదు. కన్నొక్కటే.

ఇలాంటి పోస్టర్లు ఎవరికి చూపించినా వచ్చే మొదటి మాట, మత్తులో గీసుంటారు అని. ఆ రోజుల్లో ఆ ఊళ్లో ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు బాగా నడిచింది, నిజమే, ఆ సంగీతానికి సైకెడెలిక్ అనే పేరు వచ్చిందీ అందుకే. కానీ నేను ఒడిశాలోని బరంపురంలో స్క్రీన్ ప్రింటింగ్, డిజైనింగ్ పని చేసుకునేవాణ్ణి, శుభలేఖలు, కరపత్రాలు, మెలోడీ పాటల ప్రోగ్రాంల పోస్టర్లు రోజూ నా చేతి మీదుగా పోతాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను. మత్తు ఆ కన్ను ఊహకు తెచ్చి ఉండొచ్చు, ఆ రెక్కని ఆ కంటికి అతికించింది మాత్రం పనితనం. అసలు రెక్కలున్న కన్ను గ్రిఫిన్ పుట్టించింది కూడా కాదు, కార్ల మీద సన్నటి గీతలు గీసే వాన్ డచ్ అనే పెయింటర్ గుర్తు అది. కన్ను, రెక్క, పుర్రె, విడివిడిగా చూస్తే ఏదీ వింత కాదు. వింతంతా ఒకదానికి ఇంకొకటి తగిలిన చోట ఉంది, ఆ అతుకు దగ్గర.

అతుకు గురించి ముందుగా పట్టుబట్టి ఆలోచించింది సర్రియలిస్టులు, అంటే కలలో లాగా పొంతన లేనివాటిని కలిపి బొమ్మలు, కవితలు చేసిన యూరప్ కళాకారులు. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి కవి లోత్రేమాన్ ఒకచోట అందాన్ని వర్ణిస్తూ, శవాలు కోసే బల్ల మీద కుట్టుమిషనూ గొడుగూ అనుకోకుండా కలిసినంత అందం అన్నాడు. 1924లో ఆంద్రే బ్రెతాన్ మానిఫెస్టో రాసి ఉద్యమం మొదలుపెట్టాక ఆ గుంపంతా ఈ వాక్యాన్ని మంత్రంలా పట్టుకుంది. వాళ్లలో మాక్స్ ఎర్న్‌స్ట్ అనే జర్మన్ చిత్రకారుడు దాన్ని కత్తెరతో చేసి చూపించాడు. పాత నవలల్లో, కేటలాగుల్లో వచ్చిన చెక్క అచ్చు బొమ్మల్ని కోసి, మర్యాదస్తురాలైన ఒక దొరసాని కూర్చున్న గదిలోకి పక్షి తల ఉన్న మనిషిని పంపించడం, మంచం కిందికి సముద్రాన్ని తేవడం, ఇలా 1929లో ఒకటి, 1934లో ఇంకొకటి, ఏకంగా బొమ్మల నవలలే చేశాడు.

ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే పోస్టర్ల కిటుకంతా ఇందులోనే ఉంది. చెక్క అచ్చు బొమ్మలో నీడ కూడా గీతలతోనే వేస్తారు. దగ్గర దగ్గర గీతలైతే చీకటి, దూరం దూరం గీతలైతే వెలుగు. పక్షి తలలోనూ అవే గీతలు, మనిషి కోటులోనూ అవే గీతలు. రెండు ముక్కల్నీ జాగ్రత్తగా అతికిస్తే గీత గీతలో కలిసిపోతుంది, అతుకు కనబడదు. పైగా ఎర్న్‌స్ట్ అతికించిన కాగితాన్నే చూపించి ఊరుకోలేదు, దాన్ని ఫొటో తీయించి మళ్లీ అచ్చు వేయించాడు, దాంతో కాగితపు అంచుల నీడ కూడా పోయింది. చూసేవాడికి ఇది అతికించిన బొమ్మ అని అనుమానం రాదు, పక్షి తల మనిషి ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టుంటాడు. భయమేసేది అందుకే.

శాన్ ఫ్రాన్సిస్కోకి ఈ విద్య పోస్టర్ల వాళ్లతోనే రాలేదు. జెస్ అని ఒకాయన, యుద్ధకాలంలో అణుబాంబు తయారీ ప్రాజెక్టులో కెమిస్టుగా పనిచేసి, తర్వాత ఆ చదువూ ఆ ఉద్యోగమూ వదిలేసి చిత్రకళలోకి వచ్చి, అక్కడే కూర్చుని పాత పత్రికల ముక్కలతో పెద్ద పెద్ద అతుకుల బొమ్మలు చేస్తుండేవాడు. ఆయన గురించి విడిగా రాయాలి, ప్లుటోనియం దగ్గర్నుంచి కత్తెర దగ్గరికి వచ్చిన మనిషి మామూలు మనిషి కాదు.

1966 నాటికి ఊళ్లో రెండు ముఖ్యమైన కచేరీ హాళ్లు. ఫిల్మోర్‌ని బిల్ గ్రాహం నడిపేవాడు, అవలాన్ బాల్‌రూమ్‌ని చెట్ హెల్మ్స్, అతని ఫ్యామిలీ డాగ్ బృందం. వారం వారం కచేరీలు, వారం వారం కొత్త పోస్టర్ కావాలి. ఈ తొందర చాలా ముఖ్యం. వారంలో పోస్టర్ తేవాలంటే ప్రతిదీ మొదట్నుంచీ గీస్తూ కూర్చోలేరు, పాత బొమ్మ ఒకటి దొరికితే సగం పని అయినట్టే. ఆల్టన్ కెల్లీ, స్టాన్లీ మౌస్ అని జంట ఒకటి ఉండేది, కెల్లీ ఎక్కువగా ఏరి పేర్చే మనిషి, మౌస్ చెయ్యి తిరిగిన గీతకారుడు. ఇద్దరూ శాన్ ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీలో పాత పుస్తకాలు తిరగేస్తుండగా ఒమర్ ఖయ్యాం రుబాయీల ఇంగ్లిష్ పుస్తకానికి ఎడ్మండ్ సలివన్ 1913లో వేసిన ఒక బొమ్మ దొరికింది. అస్థిపంజరం, తల మీద గులాబీల కిరీటం, చేతిలో గులాబీల దండ. దానికి రంగులద్ది, చుట్టూ చట్రం కట్టి, అక్షరాలు పేర్చి 1966 సెప్టెంబరులో అవలాన్‌లో జరిగిన గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీకి పోస్టర్ చేశారు. ఆ గులాబీల అస్థిపంజరమే ఆ తర్వాత ఆ బ్యాండుకి గుర్తుగా ఉండిపోయింది. మనకి రుబాయీలంటే దువ్వూరి రామిరెడ్డిగారి పద్యాలు, మధుపాత్ర, సాకీ గుర్తొస్తాయి, అక్కడ అదే ఖయ్యాం ఒక పుర్రె రూపంలో టీషర్టుల మీదికి ఎక్కాడు. నాకు ఒక్కటే బాధ, సలివన్ 1933లోనే పోయాడు, ఆయన పేరు కూడా ఆ టీషర్టుల మీద ఎక్కడో ఒక మూల ఉండాల్సింది. పాతవాళ్ల బొమ్మ వాడుకోవడంలో తప్పు లేదు, పేరు మింగేయకూడదు.

మరి సలివన్ బొమ్మే అంత బాగా ఎందుకు అతికింది అంటే మళ్లీ ఆ గీతల దగ్గరికే రావాలి. ఫొటోని అచ్చు వేయాలంటే చుక్కలుగా విడగొట్టాలి, గీతల బొమ్మకి ఆ బాధ లేదు, ఉన్నదున్నట్టు ఫిల్ముకెక్కుతుంది, నలుపు నలుపే, తెలుపు తెలుపే. స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పెళ్లికొడుకు ఫొటో మెష్ మీదికి, అంటే స్క్రీన్ గుడ్డ మీదికి ఎక్కించమంటే టెన్షన్, వినాయకుడి గీత బొమ్మ ఇస్తే నిమిషాల్లో పాజిటివ్ తీసి ఎక్స్‌పోజ్ చేసేస్తాం.

అయితే ఫొటోలనీ వదల్లేదు. విక్టర్ మోస్కోసో అనే ఆయన, 1936లో స్పెయిన్లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగి, యేల్ యూనివర్సిటీలో జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర రంగుల శాస్త్రం చదువుకుని వచ్చినవాడు, ఈ రాక్ పోస్టర్లలోకి ఫొటో కొలాజ్‌ని, అంటే ఫొటో ముక్కలతో చేసే అతుకుల బొమ్మని మొదట తెచ్చిన ఘనత ఆయనకే ఇస్తారు. చదువులో ఏది చెయ్యొద్దన్నారో అదే చేశాడు. వెలుగులో సరిసమానమైన ఎరుపు, నీలం పక్కపక్కన పెడితే అంచు దగ్గర కన్ను నిలవదు, అదిరినట్టుంటుంది, కాబట్టి పెట్టొద్దంటారు, ఆయన పెట్టాడు. అక్షరాలు వెంటనే చదవగలిగేలా ఉండాలంటారు, ఆయన నిలబడి కాసేపు చూస్తే తప్ప చదవలేనట్టు చేశాడు. 1967లో మ్యాట్రిక్స్ అనే క్లబ్బులో ఛాంబర్స్ బ్రదర్స్ పాడినప్పుడు వేసిన పోస్టర్లో నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒక అమ్మాయి మొహం ఉంటుంది, వివరాలన్నీ ఆ అద్దాల్లో ప్రతిబింబంలా రాసుంటాయి. ఆమె ఆ పోస్టర్నే చూస్తోందా, మనం ఆమె కళ్లలోంచి చూస్తున్నామా? అతికించింది ఫొటో, అక్షరాలు, అంతే, మూడో వస్తువు లేదు. నాకు ఎగిరే కన్ను కంటే ఇదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇందులో రాక్షసం ఏమీ లేదు, అయినా కలలా ఉంది.

రంగుల దగ్గర ఇంకో మాట. ఆ పోస్టర్లలో పసుపు మెల్లగా నారింజగా, నారింజ ఎరుపుగా మారుతూ పోతుంది చూడండి, చాలా వాటికి అది గీసిన రంగు కాదు, మిషన్ మీద చేసింది. శాన్ ఫ్రాన్సిస్కోలో లెవాన్ మోస్గోఫియన్ అనే పెద్దాయన ప్రెస్సులో ఈ పోస్టర్లు బోలెడు అచ్చయ్యాయి. ఆఫ్‌సెట్ మిషన్ ఇంకు తొట్టిలో ఒకే రంగు పోయకుండా ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి పోస్తారు, రోలర్లు అటూ ఇటూ కదులుతాయి కాబట్టి మధ్యలో రెండూ కలిసి మూడో రంగు పుడుతుంది. మేం ఇదే పని స్క్రీన్ మీద చేస్తాం. ఫ్రేములో ఒక పక్క పసుపు, ఒక పక్క ఎరుపు పోసి స్క్వీజీ, అదే ఇంకు లాగే రబ్బరు పట్టీ, ఒక్క లాగు లాగితే మొదటి కాపీల్లో రెండు రంగుల మధ్య గీత కొట్టొచ్చినట్టు కనబడుతుంది, లాగుతూ పోతే మధ్యలో నారింజ నెమ్మదిగా విచ్చుకుంటుంది, ఒక దశలో చూడ్డానికి రెండు కళ్లూ చాలవు, అక్కడ ఆపకుండా ఇంకా లాగితే మొత్తం కలిసిపోయి ఇటుకరంగు బురద. ఆపి, ఇంకు గీకేసి, మళ్లీ కొత్తగా పోయాలి. అందుకే ఒక కాపీలా ఇంకో కాపీ ఉండదు. లండన్లో హాప్‌షాష్ అండ్ ద కలర్డ్ కోట్ పేరుతో పనిచేసిన మైకేల్ ఇంగ్లిష్, నైజెల్ వేమౌత్ అచ్చంగా స్క్రీన్ మీదే ఇలాంటి రంగులు కలిపి, బంగారు, వెండి ఇంకులు వాడి యూఎఫ్‌ఓ క్లబ్బుకి పోస్టర్లు వేశారు. స్క్రీన్ ప్రింటర్లు వాళ్ల బొమ్మలు తప్పకుండా చూడాలి.

అదే లండన్లో మార్టిన్ షార్ప్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు 1967లో మాక్స్ ఎర్న్‌స్ట్ పేరు మీదే ఒక పోస్టర్ చేశాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో దాచుకోలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో శాటీ అనే జర్మన్, పాత విక్టోరియన్ బొమ్మల ముక్కల్ని ఒకదాని మీద ఒకటి ప్రెస్సులోనే అచ్చు కొట్టించి కొలాజ్ చేసేవాడు. ఇక 1969 నుంచి 71 దాకా బిల్ గ్రాహం కచేరీలకు అరవైకి పైగా పోస్టర్లు చేసిన డేవిడ్ సింగర్ ఉన్నాడు, ఈయన దాదాపు పూర్తిగా కొలాజ్ మనిషి. ముందు వచ్చిన ఐదుగురు, అంటే వెస్ విల్సన్, మౌస్, కెల్లీ, గ్రిఫిన్, మోస్కోసో, వాళ్ల పేర్లు అందరూ చెబుతారు, సింగర్ని అంతగా తలవరు. నా లెక్కలో ఇది అన్యాయం. ఆయన బొమ్మల్లో గోల ఉండదు, ఆకాశం, రాయి, గుడిలాంటి కట్టడం, ఒక మొహం, అన్నిటి మీదా ఒకే వైపు నుంచి వెలుతురు పడుతున్నట్టు ఉంటుంది. 1971 జులైలో బిల్ గ్రాహం తర్వాత నడిపిన హాలు ఫిల్మోర్ వెస్ట్ మూసేసినప్పుడు చివరి పోస్టర్ కూడా ఆయనదే.

ఒకే వైపు వెలుతురు అన్నాను కదా, అది మా వీధుల్లో కొరవడింది. ఇప్పుడు ఎటు చూసినా ఫ్లెక్సీలే, ఫ్లెక్సీ కూడా కొలాజే మరి. పుట్టినరోజు నాయకుడు మధ్యలో, చుట్టూ పాతిక తలకాయలు, పైన దేవుడు, కింద పులి. ఒక తల మీద ఎండ ఎడమ నుంచి, ఇంకో తల మీద ఫ్లాష్ ఎదురుగా, జుట్టు చుట్టూ తెల్లటి అంచు మిగిలిపోయి ఉంటుంది. అన్నీ ఒకచోట ఉన్నాయి గానీ ఏదీ ఇంకోదాన్ని తాకలేదు. కంప్యూటర్లో ఏ బొమ్మ కావాలంటే అది దొరుకుతుంది, కాబట్టి బొమ్మ ఎంచుకోవడం పనే కాకుండా పోయింది, అతకడానికి టైము ఇచ్చేవాళ్లు లేరు.

కానీ అతుకు అంటే ఏమిటో మా ప్రాంతానికి తెలియదని ఎవరూ అనలేరు, ఎందుకంటే నవగుంజరం ఇక్కడిదే. తెలుగు దేశంలో ఉన్నవాళ్లకి ఇది అంతగా తెలియదు కాబట్టి చెబుతాను. సారళాదాసు ఒడియా మహాభారతంలో అర్జునుడికి కొండ మీద ఒక వింత జంతువు ఎదురవుతుంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక, కాళ్లు నాలుగూ నాలుగు రకాలు, ఏనుగుదొకటి, పులిదొకటి, జింకదో గుర్రానిదో ఒకటి, నాలుగోది కాలు కాదు, మనిషి చెయ్యి. ఆ చేతిలో పువ్వు. అర్జునుడు విల్లెక్కుపెట్టి ఆ చెయ్యి చూసి ఆగిపోతాడు, ఇది కృష్ణుడే అని తెలుస్తుంది, దణ్ణం పెడతాడు. ఒడిశా సంప్రదాయ చిత్రాలైన పటచిత్రాల్లో ఈ బొమ్మ దగ్గరగా చూడండి. తొమ్మిది జంతువుల్నీ చుట్టి వచ్చే నల్లటి గీత ఒక్కటే, ఒకే లావు, ఒకే వేగం, నెమలి మెడ ఎక్కడ ఆగిందో మూపురం ఎక్కడ మొదలైందో చెప్పలేం, మధ్యలో నగలు, గజ్జెల పట్టీలు వచ్చి అతుకుని కప్పేస్తాయి. ఎర్న్‌స్ట్ కత్తెరతో చేసింది, ఇక్కడ చిత్రకారులు కుంచెతో తరాలుగా చేస్తున్నారు. అదే పటచిత్రాల్లో ఆడవాళ్లందరూ అల్లుకుని ఏనుగైన బొమ్మ కూడా ఉంటుంది. ఏనుగుని చూస్తే ఆడవాళ్లు మాయం, ఆడవాళ్లని చూస్తే ఏనుగు మాయం.

ఈ మాట మా షాపు బాబాయ్‌తో అంటే ఆయన ఒప్పుకోలేదు. "ఒరే, అది దేవుడురా, ఇది కచేరీ కాగితం. రెంటినీ ఒక గాట కట్టకు" అన్నాడు. "దేవుడే బాబాయ్, కానీ గీసినవాడు మనిషే కదా, అతికే పద్ధతి గురించే నేనంటున్నా" అంటే కాసేపు ఆ కంటి పోస్టర్ వంక చూసి, "ఈ రెక్క మొదలు దగ్గర బానే పట్టుకున్నాడు" అన్నాడు. పాత లిథో పోస్టర్ల కాలం నుంచి ఈ పనిలో ఉన్న మనిషి, ఆ మాట ఊరికే అనడు.

రెండేళ్లకోసారి చైత్రంలో మా ఊళ్లో బూఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది, మొక్కుకున్నవాళ్లు పులి వేషాలు, దేవుళ్ల వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు, పురాణ ఘట్టాలతో రథాలు నిలబెడతారు. ఒంటి మీద పులి చారలు, చేతికి వాచీ, కాలికి రబ్బరు చెప్పులు, వెనక ట్యూబులైట్ల తోరణం, అమ్మవారి పాట ఒకవైపు ఒడియాలో, ఇంకోవైపు తెలుగులో. అటువంటి ఊళ్లో పుట్టి సర్రియలిజం పరాయిది అనుకోవడం నా వల్ల కాదు.

అక్షరాల సంగతి కూడా ఉంది. వెస్ విల్సన్ వియన్నా చిత్రకారుడు ఆల్ఫ్రెడ్ రోలర్ అక్షరాలు ఒక పోస్టర్ల ప్రదర్శన కేటలాగులో చూసి, వాటిని సాగదీసి, ఉబ్బించి, మంట ఆకారంలోకో జుట్టు ఆకారంలోకో పోసినట్టు నింపేసేవాడు. ఇంగ్లిష్ అక్షరాలు నిలువు గీతలు, వాటిని వంచడానికి ఆయన కష్టపడాల్సి వచ్చింది. మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రన, ఒడియా అక్షరాలైతే పైన గొడుగు కూడా పట్టుకుని ఉంటాయి. మాకు ఎలాగూ ఒకే కాగితం మీద తెలుగూ ఒడియా రెండూ కావాలి, సగం గిరాకీ రెండు భాషలూ మాట్లాడే ఇళ్లదే. ఈ రెండు లిపుల్నీ కలిపి ఒక కోడి తురాయి ఆకారంలోకి నింపితే ఒత్తులు కింద ఖాళీల్లోకి, గొడుగులు పై ఖాళీల్లోకి వాటంతట అవే దిగుతాయి.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది అదే. వచ్చే సీజన్లో ఒక మెలోడీ బృందానికి పోస్టర్, శివకాశి కేలండర్ల నుంచీ పాత వారపత్రికల ప్రకటనల నుంచీ కోసిన ముక్కలతో ఒక నవగుంజరం. తల కోడి బదులు గ్రామఫోను గొట్టం, పైన ఆ అక్షరాల తురాయి మాత్రం ఉంది, మెడ నెమలిదే, తోక మైకు వైరు. ముక్కల్లో కొన్ని ఫొటోలు, కొన్ని గీత బొమ్మలు కావడం వల్ల అవి ఒకదాంట్లో ఒకటి కలవడం లేదు, అందుకని అన్నిటినీ జిరాక్సు మీద జిరాక్సు తీసి నలుపు తెలుపుల్లోకి దించుతున్నాను, నాలుగైదు సార్లు తీసేసరికి ఫొటో కూడా గీతల్లా విరుగుతుంది, అప్పుడు అతుకుతుంది. చేతిలో పువ్వు తీసేసి మైకు పెట్టమని బృందం వాళ్లు అడిగారు, అది కుదరదని చెప్పాను, వైరు ఎలాగూ ఇచ్చాను, పువ్వు ఉండాల్సిందే. వాళ్లు ఒప్పుకున్నారు, కాకపోతే బుకింగ్ ఫోన్ నంబరు మాత్రం తురాయిలో కలపకుండా అడుగున సాదాగా, పెద్దగా వెయ్యాలన్నారు. అది సబబే, వేస్తున్నాను.